వాడి చేతిలో తుపాకీ పెట్టకండి

(పర్లాకిమిడిలో జరిగిన ఒక హైస్కూలు పూర్వ విద్యార్థుల సభలో విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు ఒకరు చేసిన ప్రసంగం ఇది. ఆ స్కూల్లో చదివి, 1987లో శ్రీలంకలో స్ట్రెచర్ మోస్తూ ప్రాణాలు విడిచిన సైనికుడి స్మారకంగా సభ జరిగింది. కుటుంబం కోరిక మేరకు సైనికుడి పేరు, ఊరి పేరు ఇక్కడ ఇవ్వలేదు.)

సభకు నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న మనవాడి అక్కగారికి, మేనల్లుడికి, కాశీనగర్ నుంచి, గుణుపురం నుంచి, మహేంద్రతనయ అవతల పాతపట్నం నుంచి వచ్చిన పాత విద్యార్థులకి, ఒడియా మిత్రులకి, ఈరోజు ఇక్కడ చదువుతున్న పిల్లలకి నమస్కారం.

నేను ఒక్క మాట అడగడానికి వచ్చాను. నా వెనకాల కట్టిన ఫ్లెక్సీ చూస్తున్నారు కదా. కట్టించిన కుర్రాళ్ళు ప్రేమతో కట్టించారు, జేబులోంచి డబ్బు తీసి కట్టించారు. వాళ్ళకి నా ఆశీస్సులు. కానీ ఆ బొమ్మలో మనవాడి చేతిలో పెద్ద తుపాకీ ఉంది. వెనకాల మంచుకొండలు, పైన యుద్ధ విమానాలు. వాడు మంచుకొండల మీద పోరాడలేదు. తాటిచెట్ల మధ్య, ఎర్రమట్టి సందులో చనిపోయాడు. అప్పుడు వాడి రెండు చేతుల్లోనూ ఉన్నవి స్ట్రెచర్ కర్రలు. వచ్చే ఏడాదికి ఆ బొమ్మ మార్చండి బాబూ. ఎందుకు మార్చాలో చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి.

వాడు నా దగ్గర మూడేళ్ళు తెలుగు చదువుకున్నాడు. వాళ్ళ నాన్న పెళ్ళిళ్ళకి డోలు వాయించేవారు. ఈ చుట్టుపక్కల ఇప్పుడు నలభై, యాభై ఏళ్ళు దాటినవాళ్ళ పెళ్ళిళ్ళలో ఆయన డోలు మోగని పెళ్ళి తక్కువ. కొడుకుకి ఆ దరువు వేళ్ళలో ఉండేది. క్లాసులో ఆటవెలది చదవమంటే పద్యం సగంలో ఉండగానే బల్ల మీద వేళ్ళు ఆడేవి. పక్కవాళ్ళు నవ్వేవాళ్ళు. నేను ఆపమనేవాణ్ణి కాదు, ఎందుకంటే వాడు తప్పు లేకుండా పద్యం అప్పజెప్పేది ఆ దరువు ఉన్నప్పుడే. గణాలు, యతులు నేను బోర్డు మీద గీసి చెప్పేవాణ్ణి, వాడికి అవి చెవిలోంచే వచ్చేశాయి. డ్రిల్లు మాస్టారు అది కనిపెట్టి జనవరి 26 పెరేడ్‌కి సైడ్ డ్రమ్ము వాడి మెడలో వేశారు. వాడు కొడితే స్కూలు స్కూలంతా ఒకే అడుగు పడేది. ఈ అడుగు సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, దీన్ని వాడు తనంతట తాను ఎవరికీ చెప్పుకోలేదు. వాడు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు వానాకాలంలో ఒకరోజు మోకాళ్ళ దాకా బురదతో మధ్యాహ్నం క్లాసుకి వచ్చాడు. కోప్పడ్డాను. వాడు తల వంచుకుని నిలబడ్డాడు. వాడి వెంట వచ్చినవాడు చెప్పాడు, కొండ మీది సవర గూడెం నుంచి ఒక నిండు చూలాలిని డోలీలో కిందికి తెస్తుంటే మోసేవాళ్ళలో ఒకాయన కాలు జారి పడ్డాడట. వీళ్ళిద్దరూ పుస్తకాల సంచులు చెట్టుకి తగిలించి, భుజం పెట్టి రోడ్డు దాకా మోసుకొచ్చారట. మన కొండల్లో ఉన్నవాళ్ళకి డోలీ అంటే వివరించక్కర్లేదు. గజపతి జిల్లాలో 108 బండి ఇప్పుడు వస్తోంది. కానీ అది రోడ్డు ఉన్నంత మేరే వస్తుంది. రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి ఇప్పటికీ మనిషి భుజమే దిక్కు. వానలు పడి గెడ్డలు పొంగినప్పుడు మంచం తిరగేసి, దుప్పటి కట్టి, కర్రకి వేలాడదీసి తెచ్చేవాళ్ళని మీలో చాలామంది చూశారు. కొందరు మోశారు కూడా.

పదో తరగతి అయ్యాక వాడు రెండేళ్ళు నాన్న వెంట మేళానికి తిరిగాడు. తర్వాత సైన్యంలో చేరాడు. వెళ్ళేరోజు మేము కొంతమందిమి స్టేషన్‌కి వెళ్ళాం. అప్పుడు మనకి నౌపడా దాకా చిన్న రైలు ఉండేది, 1900లో వేసిన నేరో గేజి లైను. దాన్ని 2004లో ఆపేశారు, ఈ పిల్లలకి పెద్ద రైలే తెలుసు. వాళ్ళమ్మ ఏడవలేదు. చంకలో ఉన్న సంచిలోంచి అరిసెలు తీసి, పెట్టెలో ఎక్కినవాళ్ళందరికీ పంచింది.

పరీక్షలు, శిక్షణ అయ్యాక వాడి డ్రమ్ము సంగతి అక్కడ తెలిసింది. బెటాలియన్ బ్యాండులోకి తీసుకున్నారు. ఉత్తరం రాశాడు, మాస్టారూ, ఇక్కడ కూడా డ్రమ్మే ఇచ్చారు అని. అందరూ సంతోషించాం. బ్యాండంటే పెరేడ్లు, పెద్దల రాకపోకలకి వాయించడం, ప్రమాదం ఉండదు అనుకున్నాం. వాళ్ళమ్మ అయితే నూకాలమ్మకి మొక్కు తీర్చేసింది.

మాకు అప్పుడు తెలియనిదీ, ఈ పిల్లలకి ఈరోజు తెలియాల్సిందీ ఒకటి ఉంది. పదాతి దళంలో బ్యాండు వాయించేవాళ్ళు యుద్ధం వస్తే వాయిద్యాలు స్టోరులో పెట్టేస్తారు. స్ట్రెచర్లు పట్టుకుంటారు. ఇది ఒక్క మన దేశంలోనే పుట్టిన పద్ధతి కాదు, ఎన్నో సైన్యాల్లో చాలాకాలంగా ఉన్నదే. శాంతి సమయంలో పాట, యుద్ధ సమయంలో గాయపడినవాణ్ణి మోయడం. దెబ్బ తగిలిన జవానుని పడిన చోటి నుంచి లేపి, రక్తం కారకుండా గట్టిగా కట్టుకట్టి, డాక్టరు ఉండే రెజిమెంటల్ ఎయిడ్ పోస్ట్ దాకా చేర్చాలి. అక్కడి నుంచి ఫీల్డ్ అంబులెన్స్‌కి, ఆసుపత్రికి చేర్చడం వేరేవాళ్ళ పని. మొదటి కొన్ని వందల గజాలు వీళ్ళవి. తుపాకులు మోగుతున్నది ఆ కొన్ని వందల గజాల్లోనే.

అడుగు సంగతి చెప్తానన్నాను. సెలవుకి వచ్చినప్పుడు వాడే చెప్పాడు, మా ఇంటి అరుగు మీద కూర్చుని. స్ట్రెచర్ మోసేటప్పుడు అందరూ ఒకే అడుగు వేయకూడదట. ముందువాడు ఎడమకాలు వేస్తే వెనకవాడు కుడికాలు వేయాలి. అడుగు కలిస్తే స్ట్రెచర్ ఊగుతుంది, విరిగిన ఎముక కదులుతుంది, మనిషి బాధతో అరుస్తాడు. 'మాస్టారూ, నా పనే అందరి అడుగూ కలపడం. అక్కడ మాత్రం విడగొట్టమంటారు. ఎంత కష్టమో తెలుసా, నిద్రలో కూడా నా కాళ్ళు తాళానికే పడతాయి' అన్నాడు. నేర్చుకోవడానికి వాడు లోపల ఒక తాళం, కాళ్ళకి ఇంకో తాళం పెట్టుకున్నాడట. ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. ముప్ఫై ఏళ్ళకి పైగా పాఠాలు చెప్పాను. ఒక శిష్యుడు తనకి పుట్టుకతో వచ్చిన విద్యని ఇంకో మనిషి నొప్పి తగ్గించడం కోసం ఇలా తిరగరాసుకోవడం నేను మళ్ళీ చూడలేదు.

1987 జులై 29న కొలంబోలో మన ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే అక్కడి అంతర్యుద్ధం ఆపడానికి ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. మర్నాటి నుంచే మన సైన్యం శాంతి పరిరక్షక దళం పేరుతో శ్రీలంక ఉత్తరాన ఉన్న జాఫ్నా చేరింది. పేరులోనే శాంతి ఉంది, అందుకని ఇక్కడ ఎవరికీ పెద్ద టెన్షన్ లేదు. మొదట్లో అక్కడి తమిళులు పూలదండలు కూడా వేశారు. అక్టోబరు రెండో వారంలో అంతా తలకిందులైంది. తమిళ పులులతో, అంటే ఎల్‌టీటీఈతో, యుద్ధం మొదలైంది. జాఫ్నా పట్నాన్ని పట్టుకోవడానికి అక్టోబరు నెల అంతా పట్టింది. మన సైన్యం అక్కడి నుంచి పూర్తిగా తిరిగొచ్చింది 1990 మార్చిలో. ఈ మధ్యలో 1,100 మందికి పైగా మన జవాన్లు చనిపోయారు.

మనవాడు పోయింది ఆ మొదటి అక్టోబరులోనే. టెలిగ్రాం వచ్చింది. శరీరం రాలేదు, అస్థికలు వచ్చాయి. ఎలా పోయాడన్నది మాత్రం మరుసటి ఏడాది తెలిసింది. వాడితో పాటు బ్యాండులో క్లారినెట్ వాయించిన కేరళ అబ్బాయి, స్ట్రెచర్‌కి రెండో పక్క పట్టినవాడు, సెలవు పెట్టుకుని ఇంత దూరం వచ్చాడు. అమ్మకి తెలుగు తప్ప రాదు, ఆ అబ్బాయికి తెలుగు రాదు. ఆయన హిందీలో చెప్తుంటే నేను తెలుగులో చెప్పాను. నా జీవితంలో నేను చెప్పిన అన్ని పాఠాల కంటే అది కష్టమైంది.

ఆయన చెప్పింది ఇది. జాఫ్నాలో ఇళ్ళ చుట్టూ తాటాకు దడులు ఉంటాయి, సందులు ఇరుకు. వాళ్ళ కంపెనీ ఒక సందులోంచి వెళ్తుండగా దడుల వెనకాల నుంచి కాల్పులు మొదలయ్యాయి. వీళ్ళిద్దరూ ఒక జవానుని మోసుకెళ్ళి డాక్టరుకి అప్పజెప్పారు. మళ్ళీ వెళ్ళారు. తొడకి తూటా తగిలినవాణ్ణి స్ట్రెచర్ మీదికి ఎత్తి సగం దూరం వచ్చాక రెండో వైపు నుంచి కాల్పులు మొదలయ్యాయి. చేతిలోది వదిలేసి పక్కనున్న గోడ చాటుకి దూకొచ్చు. దూకితే ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. మనవాడు స్ట్రెచర్‌ని వదలలేదు. మోకాళ్ళు వంచి, నెమ్మదిగా నేలకి దించాడు. తొడ విరిగినవాణ్ణి ధబాలున పడేస్తే ఏమవుతుందో వాడికి తెలుసు. దించుతున్నప్పుడే వాడికి తూటా తగిలింది. స్ట్రెచర్ మీదున్న జవాను బతికాడు.

ఇది చెప్పాక అమ్మ ఒక్కటే అడిగింది. ఆ బతికిన అబ్బాయికి తల్లి ఉందా అని. ఉందని చెప్పాడు.

చప్పట్లు వద్దు బాబూ, దయచేసి. ఇంకా చెప్పాల్సింది ఉంది, అది చెప్పడం కష్టం.

అదే అక్టోబరులో, 21వ తేదీన, దీపావళి నాడు, జాఫ్నా పెద్దాసుపత్రిలోకి మన సైనికులు ప్రవేశించారు. ఆ రోజూ మర్నాడూ అక్కడ రోగులు, డాక్టర్లు, నర్సులు, ఉద్యోగులు కలిపి అరవై మందికి పైగా చనిపోయారు. లోపలి నుంచి పులులు కాల్చారు, ఎదురుకాల్పుల్లో పోయారు అని సైన్యం చెప్పింది. ప్రాణాలతో బయటపడిన ఆసుపత్రివాళ్ళు అలా జరగలేదనీ, నిరాయుధుల్ని కాల్చారనీ చెప్పారు. అమరుడి సభలో ఈ మాట ఎందుకు మాస్టారూ అని మీలో కొందరు మనసులో అనుకుంటున్నారు. మనవాడు ఏ పని కోసం ప్రాణం ఇచ్చాడో, ఆ ఆసుపత్రిలో తెల్లకోటు వేసుకుని నిలబడ్డవాళ్ళు కూడా అదే పనిలో ఉన్నారు. వాడిని గౌరవించి వాళ్ళని మరిచిపోతే నేను వాడికి ద్రోహం చేసినట్టే. మీకు కోపం వస్తే రానివ్వండి, ఇది దాచి నేను ఈ సభలో మాట్లాడలేను.

యుద్ధంలో గాయపడినవాళ్ళ రక్షణ కోసం దేశాలు చేసుకున్న 1949 మొదటి జెనీవా ఒప్పందంలో సరిగ్గా మనవాడి లాంటివాళ్ళ కోసమే ఒక అధికరణం ఉంది, 25వది. పూర్తికాలం వైద్యదళంలో ఉండేవాళ్ళ సంగతి దానికి ముందున్న అధికరణం చూసుకుంటుంది. ఈ 25వది, వేరే పనిలో ఉంటూ అవసరమైనప్పుడు స్ట్రెచర్ మోయడానికి శిక్షణ పొందిన సైనికుల గురించి. ఆ పనిలో ఉన్నంతసేపూ వాళ్ళని గౌరవించాలి, కాపాడాలి అంటుంది. చేతికి తెల్లపట్టీ, దాని మధ్యలో చిన్న ఎర్ర శిలువ. ప్రపంచ దేశాలు కూర్చుని, డ్రమ్ము వాయించేవాడు స్ట్రెచర్ పడితే వాడి మీద తుపాకీ ఎత్తకూడదని రాసుకున్నాయి. అలాంటివాడి చేతిలో మనమే తుపాకీ పెట్టి ఫ్లెక్సీ కడితే ఎలా?

ఈ మోసేవాళ్ళలో మన ప్రాంతం వాళ్ళు మనవాడి కంటే ముందు కూడా ఉన్నారని నా నమ్మకం. 1860 నుంచి 1911 దాకా చెరకు తోటల్లో కూలికి మన దేశం నుంచి లక్షన్నర మంది దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి వెళ్ళారు. వాళ్ళలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి ఓడెక్కిన తమిళులు, తెలుగువాళ్ళు. అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. మన పర్లాకిమిడి 1936 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది కదా. 1899లో అక్కడ ఇంగ్లీషువాళ్ళకీ, అక్కడే స్థిరపడ్డ డచ్చి సంతతి బోయర్లకీ యుద్ధం వచ్చింది. గాంధీజీ భారతీయులతో ఒక అంబులెన్స్ దళం కట్టారు. సుమారు 1,100 మంది. అందులో 800 మంది దాకా తోటల్లోని కూలీలే. కొలెన్సో యుద్ధంలో బ్రిటిష్ ఫీల్డ్ మార్షల్ లార్డ్ రాబర్ట్స్ కొడుకు పడిపోతే ఆ దళంవాళ్ళే మోసుకొచ్చారని గాంధీజీ రాశారు. కాల్పులు జరిగే చోటికి వాళ్ళు వెళ్ళక్కర్లేదని ముందు ఒప్పందం. 1900 జనవరిలో స్పియన్ కోప్ దగ్గర పరిస్థితి విషమించి, వస్తే మంచిదని కబురొస్తే వెళ్ళారు. గాయపడినవాళ్ళని భుజాన వేసుకుని రోజుకి ఇరవై, పాతిక మైళ్ళు నడిచారు.

యుద్ధం అయ్యాక పతకాలు వచ్చాయి, 37 మంది నాయకులకి. మిగిలినవాళ్ళు మళ్ళీ తోటల్లోకి వెళ్ళి చెరకు నరికారు. వాళ్ళలో మన సవర కొండల కిందివాడు, మన వంశధార ఒడ్డువాడు ఉండే ఉంటాడు. ఆ ఎనిమిది వందల మందిని తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది, ఒక్కరి పేరు కూడా మనకి చెప్పుకోవడానికి లేదు.

ఆ లెక్కన మనవాడు అదృష్టవంతుడు. 2019 ఫిబ్రవరిలో ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం తెరిచారు. స్వాతంత్ర్యం తర్వాత ప్రాణాలిచ్చిన పాతిక వేల మందికి పైగా సైనికుల పేర్లు అక్కడ గ్రానైటు మీద చెక్కారు, శ్రీలంకలో పోయినవాళ్ళవి కూడా. మేనల్లుడు వెళ్ళి మామయ్య పేరు వెతికి, వేలితో తడిమి ఫొటో తెచ్చాడు. శ్రీలంక ప్రభుత్వం కూడా కొలంబో పక్కన మన జవాన్లకి స్మారకం కట్టింది.

స్మారకం అంటే ఎలా ఉండాలో ఇంకో దేశం నుంచి ఒకటి చెప్తాను. మొదటి ప్రపంచ యుద్ధంలో గల్లిపోలి అనే చోట, 1915లో, ఆస్ట్రేలియా దళంలో సింప్సన్ అని 22 ఏళ్ళ స్ట్రెచర్ బేరర్ ఉండేవాడు. గాయపడినవాళ్ళని గాడిద మీద ఎక్కించి కొండ మీది నుంచి సముద్రపు ఒడ్డుకి తెచ్చేవాడు. మన ఇండియన్ మౌంటెన్ బ్యాటరీ కంచరగాడిదల శిబిరంలోనే మకాం పెట్టాడు. దిగిన నెల తిరక్కుండానే, మే 19న చనిపోయాడు. ఆస్ట్రేలియాలో స్కూలు పిల్లలందరికీ ఆయన తెలుసు. కాన్‌బెర్రాలో యుద్ధ స్మారకం దగ్గర ఆయన విగ్రహం ఉంది. అందులో ఆయన, గాడిద, దాని మీద గాయపడిన సైనికుడు. అంతే. తుపాకీ పెట్టాలని ఆ శిల్పికి అనిపించలేదు, ఆ దేశానికీ అనిపించలేదు.

అందుకని నా విన్నపం. వచ్చే ఏడాది ఫ్లెక్సీ మీద వాడి అసలు ఫొటో వేయండి. అక్కగారి దగ్గర ఉంది, మెడలో డ్రమ్ముతో తీయించుకున్నది. పక్కన స్ట్రెచర్ బొమ్మ వేయించండి. గేటు దగ్గర విగ్రహం పెడదామని కమిటీవాళ్ళు చందాలు మొదలుపెట్టారని విన్నాను. మంచిదే. కానీ ఆ డబ్బులో కొంత ఇంకో పనికి ఇమ్మని అడుగుతున్నాను. అక్కగారిని ముందే అడిగాను, ఆమె ఒప్పుకున్నారు.

మన స్కూల్లో పిల్లలకి గాయపడినవాణ్ణి మోయడం నేర్పిద్దాం. పాతపట్నం రోడ్డు మీద బైకు పడితే మనం ఏం చేస్తున్నాం? కాళ్ళు ఒకరు, చేతులు ఒకరు పట్టుకుని మనిషిని మడిచి ఆటోలో వేస్తున్నాం. వెన్నుపూస విరిగి ఉంటే ఆ ఎత్తడంతోనే జన్మంతా మంచాన పడతాడు. కారుతున్న రక్తం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకుంటే బతికేవాడు, అందరూ చుట్టూ నిలబడి ఫోనులో వీడియో తీస్తుండగా పోతున్నాడు. పోలీసు కేసు అంటారేమోనని భయం కూడా ఉంది. సాయం చేసినవాణ్ణి ఇబ్బంది పెట్టకూడదని 2019లో మోటారు వాహనాల చట్టంలోనే సవరణ తెచ్చారు, మన పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. ఇది పిల్లలకి తెలియాలి. కొండ మీది నుంచి డోలీలు ఇంకా దిగుతూనే ఉన్నాయి. ఆ దారిలో ఎదురైన మన పిల్లలు భుజం ఇవ్వడంతో పాటు, ఎలా మోస్తే ఆ తల్లికి నొప్పి తగ్గుతుందో తెలిసి ఇవ్వాలి.

హెడ్‌మాస్టరు గారు ఒప్పుకున్నారు. మన పాత విద్యార్థినులు ఇద్దరు నర్సులుగా పనిచేస్తున్నారు, సెలవు రోజు వచ్చి నేర్పుతామన్నారు. మొదటి క్లాసు వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదింటికి, ఇదే ఆవరణలో. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు నలుగురేసి జట్టుగా పేర్లు ఇవ్వండి, ఆడపిల్లల జట్లు కూడా కావాలి. వెదురు కర్రలు నేను తెప్పిస్తాను. దుప్పట్లు ఇళ్ళ నుంచి తెచ్చుకోండి, పాతవైనా పరవాలేదు, చిరుగు మాత్రం ఉండకూడదు. గోనెసంచులు ఉంటే మూలలు కత్తిరించి కర్రలకి ఎక్కించడం కూడా చూపిస్తారు. పెద్దవాళ్ళు కూడా రండి, స్ట్రెచర్ మీద పడుకోవడానికి మనుషులు కావాలి, పిల్లలు అసలైన బరువు మోసి నేర్చుకోవాలి.